షాబాదు బండల హాలు

కరీంనగర్ జిల్లా జమ్మికుంట చుట్టుపక్కల ఏ గుట్టను చూసినా గ్రానైటే. అయినా 1960ల్లో ఇక్కడ స్లాబు ఇల్లు కట్టుకున్న మిల్లు సేట్లు, అడ్తిదార్లు హాల్లోకి బండలను తాండూరు, షాబాదుల నుంచే తెప్పించుకున్నారు. సుతారి పని చేసిన మా నాయిన దీనికి ఒక్కటే కారణం చెప్పేవాడు: ‘ఉలికి లొంగితే బండ, లొంగకపోతే గుట్ట.’

షాబాదు బండ సున్నపురాయి. పొరలు పొరలుగా పేరుకున్నది. పొర సందున ఉలి పెట్టి కొడితే అంగుళం, అంగుళమున్నర మందాన పలకగా ఊడొస్తుంది. మన గ్రానైట్‌కు అట్లాంటి పొరలు లేవు. మర రంపాలు రాకముందు దాన్ని అంత పల్చగా కోసి హాలంతా పరిచే దారి లేదు. అందుకే అది పునాదిరాయిగా, రోలుగా, పొలంగట్టు కడీగా మిగిలింది.

ఉలి చేసిన పనికి రైలు తోడయింది. వాడి–సికింద్రాబాదు లైను 1874లో పడింది. తాండూరు దానిమీదనే ఉంది. కాజీపేట–బల్లార్షా లైను 1929లో పూర్తయి మద్రాసును ఢిల్లీతో కలిపింది. జమ్మికుంట స్టేషను ఆ దారిలోదే. అప్పటికి షాబాదున్న గుల్బర్గా జిల్లా, మన కరీంనగర్ జిల్లా రెండూ నిజాం రాజ్యంలోనివి. 1956లో గుల్బర్గా మైసూరు రాష్ట్రానికి పోయింది, తాండూరు మనకే మిగిలింది. మావాళ్లు మాత్రం ఎక్కడి రాయినైనా షాబాదు బండ అనే పిలిచారు.

ఈ బండలు రాకముందు గూనపెంకుల భవంతుల్లో మట్టి నేలను పేడతో అలికేవారు. కలిగినవాళ్లు డంగు సున్నంతో గచ్చు చేయించేవారు. బండలొచ్చాక ఆడవాళ్లకు అలుకుడు పని తప్పింది. ఆ సుఖం ముందు తక్కిన గొప్పలన్నీ చిన్నవని మా అమ్మ అనేది.

మా నాయిన ముందు మొరం పోసి, నీళ్లు చల్లి దిమ్మిస చేయించేవాడు. దానిమీద సున్నం, ఇసుక కలిపిన మాలు పరిచి, సూతం కట్టి, మూలమట్టంతో మొదటి బండ నిలిపేవాడు. పరిచిన ప్రతి బండనూ కట్టెతో కొట్టి చెవిపెట్టి వినేవాడు. బోలు మోగితే లేపి మళ్లీ పరచాల్సిందే. కడిగిన నీళ్లు వాకిట్లోకి పోయేటట్టు దర్వాజ దిక్కు కొద్దిగా వాలు ఇచ్చేవాడు. చింతపులుసు, నిమ్మరసం ఒలికితే వెంటనే తుడవమని ఇంటామెకు చెప్పి మరీ వచ్చేవాడు. పులుపు సున్నపురాయిని తింటుంది, తెల్లమచ్చ పడుతుంది.

నీలిబూడిద రంగు నేల పడ్డాక హాలు అలంకరణ దాన్నిబట్టే నడిచింది. గోడలకు లేత పిస్తా రంగు డిస్టెంపరు, ఆదిలాబాద్ టేకుతో చేసి బేతు అల్లిన కుర్చీలు, దివాను మీద వరంగల్ జంపఖానా. గోడకు నల్లటి పూత మీద బంగారు రంగు మెరిసే నిర్మల్ చిత్రం. గాజు అల్మారాలో కరీంనగర్ వెండి తీగ పని పాన్‌దాన్, పైన అల్లిక గుడ్డ కప్పిన రేడియో. రాతి నేల మసక రంగు మీద ఇవన్నీ తేటగా కనబడేవి.

అమెరికాలో వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1930ల్లో కట్టిన ఫాలింగ్‌వాటర్ ఇంట్లోనూ స్థానిక రాతిపలకలే పరిచి మైనం పట్టించారు. 1950ల చండీగఢ్ కోసం వాస్తుశిల్పి పియరీ జానరే చేయించిన టేకు, బేతు కుర్చీలు ఇవాళ విదేశాల్లో వేలానికి వస్తున్నాయి. జమ్మికుంట సేట్లకు ఈ పేర్లు తెలియవు. ఉలికి లొంగిన రాయి, చేతికందిన కర్ర, అల్లిక వాళ్లనూ అట్లాంటి హాలుకే చేర్చాయి.

తర్వాత మొజాయిక్ వచ్చింది, పాలరాయి వచ్చింది, ఇప్పుడు విట్రిఫైడ్ టైల్సు. మర రంపాలొచ్చి గ్రానైట్ కూడా లొంగింది. కరీంనగర్ గుట్టలు దిమ్మెలై కాకినాడ రేవు మీదుగా చైనాకు ఎగుమతయ్యాయి. మరలొచ్చాయని షాబాదు బండలను పీకనక్కర్లేదు. పాలిష్ మర ఒక పొర గీకితే పాతబండ మళ్లీ నున్నగా తేలుతుంది. టైల్సు కొనబోయేవాళ్లకు నేను చెప్పేదొక్కటే: ముందు కట్టె తీసుకుని మీ హాలు బండలు కొట్టి చూడండి. బోలు మోగకపోతే మేస్త్రి పని ఇంకా గట్టిగానే ఉన్నట్టు, టైల్సు ఖర్చు మీకు మిగిలినట్టు.