అతిథి రాసిన కార్డు ముక్క

మన ఇంటికి చుట్టాలొచ్చి నాలుగు రోజులు ఉన్నారనుకోండి. మన వంటిల్లు ఇలా ఉంది, పెరడు అలా ఉంది అని వాళ్లు ఎవరికో రాసిన ఉత్తరం మన చేతిలోనే పడితే ఎలా ఉంటుంది? 1961లో పశ్చిమాఫ్రికాలోని నైజీరియా దేశంలో సరిగ్గా ఇదే జరిగింది. ఆ కథ మీకు చెప్పాలి.

ఆ ఏడాది మార్చి 1న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ పీస్ కోర్ అనే సంస్థను నెలకొల్పారు. చదువుకున్న యువతీ యువకులు పరాయి దేశాలకు వెళ్లి, రెండేళ్లపాటు అక్కడివాళ్ల మధ్యనే ఉంటూ, చేతనైన పని చేసి రావాలని దాని ఉద్దేశం. పెద్ద జీతమేమీ ఉండదు, రోజులు గడవడానికి భత్యం ఇస్తారు. మొదటి జట్టు ఆగస్టు 30న ఘనా రాజధాని ఆక్రాలో దిగింది. అందరూ పాఠాలు చెప్పడానికి వచ్చినవాళ్లే. విమానాశ్రయంలోనే వాళ్లు ఆ దేశపు పాటను అక్కడి ట్వీ భాషలో పాడారు. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లే అయిన దేశానికి అంతకంటే మంచి పలకరింపు ఏముంటుంది చెప్పండి?

నైజీరియాలో మాత్రం ఆరంభంలోనే అపశ్రుతి పలికింది. ఆ దేశానికి 1960 అక్టోబరు 1న స్వాతంత్ర్యం వచ్చింది. ఏడాది తిరిగిన కొద్ది రోజులకే, ఇబాదాన్‌లో శిక్షణ పొందుతున్న 23 ఏళ్ల అమెరికన్ అమ్మాయి తన స్నేహితుడికి ఒక కార్డు రాసింది. ఇక్కడ జనం వీధుల్లోనే వండుకుంటారు, వీధుల్లోనే అమ్ముకుంటారు, కాలకృత్యాలూ అక్కడే తీర్చుకుంటారు అని. ఆ కార్డు పోస్టులో పడకముందే ఎక్కడో జారిపోయి, ఒక విద్యార్థికి దొరికింది. దాని ప్రతులు కళాశాల అంతా పాకాయి. విద్యార్థులు మండిపడ్డారు, వీళ్లని వెనక్కి పంపెయ్యాలన్నారు. ఆ అమ్మాయి క్షమాపణ చెప్పుకుని ఇంటిదారి పట్టింది.

ఆ పిల్ల అబద్ధం రాయలేదు కదా, తప్పేముంది అని మీరు అనవచ్చు. నిజమే, కళ్లకు కనిపించిందే రాసింది. కాని వీధిలో పొయ్యి పెట్టుకున్న ఆవిడ ఎన్ని గంటలకు లేచిందో, నీళ్లు ఎంత దూరం నుంచి మోసుకొచ్చిందో వచ్చిన కొత్తలో ఆమెకు ఎలా తెలుస్తుంది? అది తెలియాలంటే ఆ ఇంట్లో కూర్చోవాలి.

తర్వాతి సంవత్సరాల్లో పల్లెలకు వెళ్లినవాళ్లు అలాగే కూర్చున్నారు. ఘనాలోని అకాన్ ప్రజల ఇంటికి ఎవరైనా వెళితే ముందు కూర్చోబెట్టి మంచినీళ్లిస్తారు. వచ్చిన పనేమిటని ఆ తర్వాతే అడుగుతారు. మన ఇళ్లలో పద్ధతి కూడా అదే కదండీ. ఎవరికైనా ఏదైనా అందిస్తే కుడిచేత్తోనే అందించాలి, ఎడమచెయ్యి చాపితే మర్యాద కాదు. పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. శుక్రవారం పుట్టిన మగపిల్లవాడు కోఫీ, శనివారం పుట్టిన ఆడపిల్ల అమా. ఊరికి వచ్చిన తెల్లపిల్లలకూ అలాంటి పేరొకటి వచ్చేది. ఆ పేరుతో పిలిస్తే పలకడం నేర్చుకున్నాకే ఊళ్లో మనిషయ్యేవాళ్లు.

ఇక తిండి సంగతి. కర్రపెండలాన్ని, కూర అరటిని ఉడికించి, రోట్లో వేసి, నిలువెత్తు రోకలితో దంచుతారు. ఒకరు నిలబడి దంచుతుంటే, మరొకరు పక్కన కూర్చుని పోటు పోటుకీ మధ్య చేత్తో ముద్దను తిప్పుతారు. లయ తప్పితే వేళ్లు నలుగుతాయి. అదే ఫుఫు. పులుసులో అద్దుకుని, నమలకుండా మింగాలి. డిగ్రీ చదివి వచ్చిన అమ్మాయి ఆ రోటి దగ్గర ఏమీ రాని కొత్తకోడలే!

మరి వీళ్ల వల్ల ఒరిగిందేమిటి అని అడుగుతారేమో. ఒక్క సంగతి చెబుతాను. మా అమ్మమ్మ రాయలసీమలో దిగుడుబావుల నీళ్లు తాగి నారికురుపు పడినవాళ్ల గురించి చెబుతుంటే నాకు ఒళ్లు జలదరించేది. తాగే నీళ్లలోని కంటికి ఆనని పురుగుల ద్వారా ఒంట్లో చేరి, ఏడాదికి మూరెడు, రెండు మూరల నారి పురుగు కాలు చీల్చుకుని బయటకొస్తుంది. పుల్లకు చుట్టి రోజుకింత లాగాలి. దానికి టీకా లేదు, మందు లేదు. 1989లో ఘనాలో ఈ రోగులు దాదాపు 1 లక్షా 80 వేలమంది. దీనికి ఉపాయం సన్నని గుడ్డతో నీళ్లు వడగట్టుకోవడం, పుండు ఉన్నవాళ్లు చెరువులో దిగకుండా చూడడం. ఊరూరా తిరిగి ఈ మాట చెప్పినవాళ్లలో పీస్ కోర్ పిల్లలూ ఉన్నారు. కాని రోజూ కుండ మూతికి గుడ్డ కట్టిందెవరు? ఆ ఇళ్ల ఆడవాళ్లు. ఘనాలో చివరి కేసు 2010లో కనిపించింది. 2015లో ఆ దేశానికి నారికురుపు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. మన దేశానికి ఆ మాట 2000లోనే దక్కింది.

వచ్చినవాళ్లు రెండేళ్లుండి వెళ్లిపోయారు. గుడ్డ కట్టిన చెయ్యి అక్కడే ఉంది. అందుకే, ఏ ఊరికి చుట్టపు చూపుగా వెళ్లినా ముందు వాళ్లిచ్చిన మంచినీళ్లు తాగండి, వాళ్ల మంచిచెడ్డలు అడగండి. ఉత్తరం నాలుగు రోజులు ఆగి రాసుకోవచ్చు.