గోదావరి జిల్లాల ప్రాథమిక పాఠశాలల్లో కళావిద్య

ప్రాథమిక పాఠశాలలో కళావిద్య అనగా ఒకటి నుండి ఐదవ తరగతి వరకు చదివే పిల్లలకు చిత్రలేఖనం, మట్టిపని, కాగితపు పని, పాట, ఆట, బొమ్మలాట వంటి కృత్యాల ద్వారా జరిగే బోధన. గోదావరి డెల్టాలో ఈ బోధనకు అవసరమైన సామగ్రిలో అధికభాగం కాలువ గట్టున, కొబ్బరితోటలో, వంటింట్లో లభిస్తుంది. ఆధునిక ఆంధ్ర చిత్రకళకు తొలి కేంద్రాలలో ఒకటైన రాజమండ్రి కూడా ఈ ప్రాంతంలోనిదే. అయితే ప్రాథమిక తరగతులకు ప్రత్యేకంగా చిత్రకళోపాధ్యాయుడు ఉండడు. అందువలన ఈ విద్య తరగతి ఉపాధ్యాయుని శ్రద్ధపైనే ఆధారపడి ఉంటుంది.

చారిత్రక నేపథ్యం

పిల్లల బొమ్మలకు వాటిదైన విలువ ఉన్నదని భావించి బోధించిన తొలి వ్యక్తులలో ఆస్ట్రియా దేశీయుడు ఫ్రాంజ్ చిజెక్ ఒకడు. ఇతడు 1897లో వియన్నా నగరంలో బాలల కళాతరగతిని ఆరంభించాడు. అదే సంవత్సరంలో రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు జన్మించాడు. రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, రచయిత. అతడు రామారావులోని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించాడు. రామారావు 1916లో బొంబాయిలోని జె.జె. కళాశాలలో చేరి చదివాడు. తిరిగి వచ్చిన తరువాత రాజమండ్రిలో చిత్రకళాశాలను స్థాపించాడు. 1925లో మశూచి వ్యాధితో 28 ఏళ్ళు నిండకుండానే మరణించాడు. అతని మిత్రుడు వరదా వెంకటరత్నం, భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ ఆ పరంపరకు చెందిన చిత్రకారులు. రాజమండ్రిలో రామారావు పేరిట చిత్రశాల ఉంది.

కూల్డ్రే ప్రోత్సాహం పొందిన మరొకరు అడివి బాపిరాజు. భీమవరానికి చెందిన ఇతడు బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ వద్ద చిత్రలేఖనం అభ్యసించాడు. తరువాత అదే కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశాడు. చిత్రకారుడు, సినిమా దర్శకుడు బాపు 1933లో నరసాపురంలో జన్మించాడు.

1937లో గాంధీజీ ప్రతిపాదించిన బేసిక్ విద్యావిధానం చేతిపనిని చదువుకు కేంద్రంగా నిలిపింది. 1980వ దశకంలో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. ఉపాధ్యాయులు దీనిని క్లుప్తంగా ఎపెప్ అని పిలిచేవారు. దీనికి 6 బోధనా సూత్రాలు ఉండేవి. స్థానిక పరిసరాలను వినియోగించుకోవడం, పిల్లలు చేసినవాటిని తరగతి గదిలో ప్రదర్శించడం వాటిలో ఉన్నాయి. పాఠశాల గోడపైన తోరణంగా తాడు కట్టి పిల్లల బొమ్మలను వేలాడదీసే పద్ధతి ఈ సూత్రానికి అనుగుణమైనది. 2001లో వచ్చిన సర్వశిక్షా అభియాన్ క్రింద ఒక్కొక్క ఉపాధ్యాయునికి బోధనాభ్యసన సామగ్రి కొరకు ఏటా 500 రూపాయల గ్రాంటు ఇచ్చేవారు.

చట్టం, పాఠ్యప్రణాళిక

జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం (2005) పదవ తరగతి వరకు కళావిద్యను తప్పనిసరి చేయాలని సూచించింది. సంగీతం, నృత్యం, దృశ్యకళలు, నాటకం అను నాలుగింటిని అందులో చేర్చింది. 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షను బాలల సర్వతోముఖాభివృద్ధిని, కృత్యాల ద్వారా అభ్యసనాన్ని పేర్కొన్నది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పాఠ్యప్రణాళికా పరిధిపత్రం (2011) కళలను సహపాఠ్య విషయంగా గుర్తించింది. 2020 జాతీయ విద్యావిధానం ఇతర విషయాలను కళల ద్వారా బోధించడాన్ని ప్రోత్సహించింది.

విద్యాహక్కు చట్టపు అనుబంధం ప్రకారం కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండవలసినది 6 నుండి 8 తరగతులలో, అదీ పిల్లల సంఖ్య 100 దాటినపుడు మాత్రమే. ప్రాథమిక తరగతులకు ఈ నియమం వర్తించదు. 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులను ఆ అనుబంధం నిర్దేశిస్తుంది. కనుక ఐదు తరగతులు గల చిన్న పాఠశాలలో ఆ ఇద్దరే అన్ని విషయాలతో పాటు బొమ్మలు, పాటలు కూడా నేర్పవలసి ఉంటుంది. ఇటువంటి సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చుటకు ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాకు బొమ్మూరులోను, ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాకు దూబచర్లలోను జిల్లా విద్యాశిక్షణ సంస్థలు ఏర్పడ్డాయి.

వయసు, బొమ్మల తీరు

విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ప్రచురించిన గ్రంథంలో పిల్లల చిత్రలేఖన దశలను వివరించాడు. ప్రాథమిక పాఠశాల వయసుకు సంబంధించినవి ఇవి:

* 4 నుండి 7 ఏళ్ళు: తల నుండే కాళ్ళు చేతులు వచ్చే మనిషి బొమ్మ కనిపిస్తుంది. వస్తువులు కాగితంపై తేలుతున్నట్లుంటాయి. రంగుకూ వస్తువుకూ సంబంధం ఉండనవసరం లేదు.
* 7 నుండి 9 ఏళ్ళు: అడుగున నేలగీత వస్తుంది. ఇల్లు, చెట్టు, మనిషి ఆ గీతపై నిలబడతాయి. ముఖ్యమైన వస్తువును పెద్దదిగా గీస్తారు.
* 9 నుండి 11 ఏళ్ళు: వివరాలు పెరుగుతాయి. తన బొమ్మ బాగులేదని బిడ్డ తానే చెరిపివేయడం కూడా ఈ వయసులోనే ఎక్కువవుతుంది.

పడవ కంటే పడవవాడిని పెద్దగా గీసిన రెండవ తరగతి బిడ్డ తప్పు చేసినట్లు కాదు. అది ఆ వయసు చూపు. నల్లబల్లపై ఉపాధ్యాయుడు వేసిన రెండు కొండలు, మధ్యన సూర్యుడు గల బొమ్మను అందరూ కాపీ చేసినపుడు ఈ చూపు కాగితం మీదకు రాదు. కొండలు కనిపించని కోనసీమలో కూడా పిల్లలు కొండలే గీయడం దీనికి చక్కని ఉదాహరణ.

డెల్టాలో చేయదగిన కృత్యాలు

ముగ్గు: సంక్రాంతి నెలలో పిల్లలు ఇంటి ముందు చూసే ముగ్గు చిత్రలేఖనానికీ, గణితానికీ పనికివస్తుంది. 7 చుక్కలు పెట్టి, ఇరువైపులా 4 వచ్చే వరకు సందు చుక్కలు పెడితే వరుసలు 4, 5, 6, 7, 6, 5, 4గా వస్తాయి. మొత్తం 37 చుక్కలు. మొదట లెక్కించి, తరువాత కలిపితే సౌష్ఠవం అను భావన చేతికి తెలుస్తుంది.

మట్టిపని: కాలువ ఒండ్రుమట్టిలోని రాళ్ళు, వేళ్ళు ఏరి బాగా పిసకాలి. విడిగా చేసిన భాగాలను అతికించేటపుడు రెండువైపులా గీరి, పలుచని మట్టి పూయాలి. ఎండలో ఆరబెడితే పైపొర ముందు బిగిసి బొమ్మ పగులుతుంది కనుక నీడలో ఆరనివ్వాలి.

ఆకులతో బొమ్మలు: కొబ్బరాకుతో బూర, గడియారం, కళ్ళజోడు, పాము చేస్తారు. ముంజెలు తినగా మిగిలిన తాటికాయ బుర్రలతో రెండు చక్రాల బండి చేస్తారు. వీటిని ఇంటివద్ద పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పుతారు. తరగతిలో కూడా తెలిసిన బిడ్డయే బోధకుడు కావచ్చు.

అచ్చులు: బెండకాయను అడ్డంగా కోసి రంగులో అద్దితే సాధారణంగా 5 మూలల పువ్వు వస్తుంది. అరటి డొప్ప నెలవంకను ఇస్తుంది. అచ్చులను వరుసగా వేసి చీర అంచును తయారు చేయవచ్చు. ఉప్పాడ జాందానీ చీరల బుటాలు, నరసాపురం లేసు అల్లికలు పిల్లలకు చూపదగిన స్థానిక నమూనాలు.

ఇంటి రంగులు: బొగ్గు నలుపును, పసుపు పచ్చదనాన్ని, ఆకుపసరు ఆకుపచ్చను ఇస్తాయి. పసుపులో సున్నం కలిపితే ఎరుపు వస్తుంది. సున్నం కంటికి, చర్మానికి హాని చేస్తుంది కనుక ఉపాధ్యాయుడే కలపాలి.

తోలుబొమ్మలాట: కాకినాడ సమీపంలోని మాధవపట్నం తోలుబొమ్మలాటకు పేరుపొందిన గ్రామం. తరగతిలో తోలుకు బదులు పాత శుభలేఖల అట్టను కత్తిరించి, కొబ్బరి ఈనెకు కట్టి, తెల్ల పంచె వెనుక దీపం పెట్టి ఆడించవచ్చు. తెలుగు వాచకంలోని కథను సంభాషణలుగా మార్చుకొనే పని కూడా ఇందులో ఇమిడి ఉంది.

ప్రభ: కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోటకు వచ్చే ప్రభలను చూసిన పిల్లలు ఈనెలు, రంగుకాగితాలతో చిన్న ప్రభను కట్టగలరు. నలుగురు కలిసి చేయవలసిన పని కావడం దీని ప్రత్యేకత.

మూల్యాంకనం

ప్రాథమిక స్థాయిలో బొమ్మను మార్కులతో పోల్చడం కంటే ఒక్కొక్క బిడ్డ పనిని తేదీ వేసి సంచిలో భద్రపరచడం మేలైన పద్ధతి. జూన్‌లో వేసిన బొమ్మను మార్చిలో వేసిన బొమ్మ ప్రక్కన పెడితే ఎదుగుదల కనిపిస్తుంది. బొమ్మ గురించి బిడ్డ చెప్పిన మాటను వెనుక వ్రాసి ఉంచుట కూడా ఉపకరిస్తుంది.

సమస్యలు

పాఠశాల కాలనిర్ణయ పట్టికలో కళల పీరియడు ఉన్నప్పటికీ, పరీక్షలు దగ్గరపడినపుడు అది తెలుగు, లెక్కలకు మళ్ళడం సాధారణం. బాగా గీసే ఇద్దరు ముగ్గురినే పోటీలకు సిద్ధపరచి మిగిలినవారిని వదిలివేయడం మరొక లోపం. రాయడం, చదవడం ఆలస్యంగా వచ్చే బిడ్డకు తరగతిలో తన ఆలోచన తెలుపుటకు బొమ్మ ఒక్కటే మార్గం కావచ్చు. ఆ పీరియడు పోయినపుడు ఎక్కువగా నష్టపోయేది ఆ బిడ్డయే. రామారావు ప్రతిభను గుర్తించిన కూల్డ్రే కళాశాల ప్రిన్సిపాలు. అంతదూరం చదువు సాగని పిల్లల చేతిపనిని గమనించే అవకాశం ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయునికే ఉంది.

ఇవి కూడా చూడండి

* దామెర్ల రామారావు
* అడివి బాపిరాజు
* ముగ్గు
* తోలుబొమ్మలాట
* విద్యాహక్కు చట్టం