సభ్యుల పుస్తకము, గ్రంథముల పుస్తకము: వాని సంధాన చరిత్ర

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు మార్గమున దిల్‌సుఖ్‌నగర్ దాటిన పిమ్మట, ఎల్.బి. నగర్ కూడలికి ఇవతల కొత్తపేట కలదు. 1986లో మొజంజాహీ మార్కెట్టునందలి పండ్ల వ్యాపారము ఇచటికి తరలివచ్చి, గడ్డిఅన్నారము మార్కెట్టను పేరున 2021 వరకు సాగినది. అట్టి వ్యాపారమునకు రెండు లెక్కలు తప్పవు. ఏనాటి బేరము ఆనాడు ఎక్కునది చిట్టా. మనిషి మనిషికి వేరువేరుగా నడచునది ఆవర్జా. చిట్టాలోని పద్దు ఆవర్జాకు ఎక్కనంతవరకు ఎవరికి ఎంత రావలెనో తేలదు. రెండు పుస్తకములును శుద్ధముగానే ఉండవచ్చును. వాని నడుమ దారి లేనిచో రెండును మూగవే.

గ్రంథాలయపు స్థితియు ఇట్టిదే. సభ్యుల పుస్తకము ఒకటి, గ్రంథముల పుస్తకము మరియొకటి. డేటాబేసును సభ్యుల వెబ్‌సైటుతో కలుపుట అని నేటి యువకులు చెప్పుకొను పని ఈ రెండు పుస్తకముల సంధానమే. దానికి నూరేండ్లకు మించిన చరిత్ర కలదు.

కొత్తపేట నుండి మలక్‌పేట మీదుగా పోయి చాదర్‌ఘాటు వద్ద మూసీని దాటినచో సుల్తాన్‌బజారు సమీపించును. అచటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901 సెప్టెంబరు 1న వెలసినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగార్లు దాని స్థాపనకు మూలపురుషులు. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము ఏర్పడినది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషిచే విజయవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమమునకు సంఘరూపము లభించినది. 1955లో హైదరాబాదు రాష్ట్రమునకును, 1960లో ఆంధ్రప్రదేశమున కంతటికిని గ్రంథాలయ శాసనములు వచ్చినవి. ఈ స్థూలచరిత్ర పాఠకులకు తెలిసినదే. గ్రంథాలయమున బల్లవెనుక కూర్చున్న మనిషి ఏమి వ్రాసెడివాడను సంగతియే అంతగా ఎవరును చెప్పలేదు.

అతడు మూడవ పుస్తకమొకటి వ్రాయవలసి యుండెను. ఈ తేదీన ఈ సభ్యుడు ఈ గ్రంథమును తీసికొనిపోయెనని వరుసగా వ్రాసిన పద్దుల పుస్తకమది. వ్రాయుట సులభము, వెదకుట కష్టము. ఫలానా నవల ఎవరి యింట ఉన్నదని అడిగినచో నెలల తరబడి పుటలు త్రిప్పవలెను. 1895లో అమెరికాయందు నీనా బ్రౌన్ అను గ్రంథపాలకురాలు ప్రచారమునకు తెచ్చిన పద్ధతి ఈ కష్టమును తొలగించినది. ప్రతి గ్రంథమునకు ఒక చిన్న కార్డు, ప్రతి సభ్యునకు జేబువంటి టిక్కెట్టు. గ్రంథము బయటికి పోవునపుడు దాని కార్డును సభ్యుని టిక్కెట్టులో దూర్చి, తిరిగి ఈయవలసిన తేదీ వెనుక నిలిపెదరు. కలము పట్టవలసిన పని దాదాపు లేదు. కార్డు టిక్కెట్టులో ఉన్నంతసేపే ఆ మనిషికిని ఆ గ్రంథమునకును సంబంధము. గ్రంథము తిరిగి వచ్చినంతనే కార్డు గ్రంథములోనికి, టిక్కెట్టు సభ్యుని చేతిలోనికి పోవును. ఎవరు ఏమి చదివిరో తెలుపు జాడ మిగులదు.

అదే కాలమున నెవార్కు నగర గ్రంథాలయపు పేర మరియొక పద్ధతి వ్యాపించినది. అందు గ్రంథపు కార్డుమీద సభ్యుని సంఖ్యను వ్రాసెదరు. కార్డు నిండువరకు పూర్వపు పాఠకులందరి సంఖ్యలు దానిపై నిలిచియుండును. ఏ గ్రంథమునకు గిరాకి యెంతో తెలిసికొనుటకు ఇది మేలైనది. పాఠకుని గుట్టునకు మాత్రము బ్రౌను పద్ధతియే మేలు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడై, 1931లో గ్రంథాలయ పంచసూత్రములను ప్రకటించిన ఎస్.ఆర్. రంగనాథన్‌గారి సూత్రములలో నాలుగవది పాఠకుని కాలమునకు సంబంధించినది. టిక్కెట్టు పద్ధతి మన దేశమున నిలదొక్కుకొనుటకు ఆ కాలపు ఆదాయే కారణమనవచ్చును.

గుట్టు అనగా ఏమంత గొప్ప విషయమని కొందరికి తోచవచ్చును. తెలంగాణము దీనిని అనుభవపూర్వకముగా ఎరుగును. 1920 దశకమున నిజాం ప్రభుత్వము గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువుచే సభలకు ముందస్తు అనుమతిని నిర్బంధము చేసెను. గ్రంథాలయములును అనుమానపు చూపునకు గురియయ్యెను. అట్టి దినములలో ఎవరు ఏ పుస్తకము చదివిరో తెలుపు పట్టిక సామాన్యమైన లెక్క కాదు. ఇది ఒక్క నిజాం రాజ్యపు ముచ్చటయు కాదు. 2001లో అమెరికా చేసిన పేట్రియట్ చట్టము పిమ్మట అచటి గ్రంథాలయములు కొన్ని ఎరువు పద్దులను వెనువెంటనే చెరిపివేయసాగెను. 2005లో పాఠకుల వివరములు కోరుచు వచ్చిన రహస్యపు ఉత్తరువును కనెక్టికటు రాష్ట్రమున నలుగురు గ్రంథపాలకులు న్యాయస్థానమున ఎదిరించిరి.

1970లో ఐ.బి.ఎం. సంస్థయందలి ఎడ్గార్ కాడ్ అను గణితవేత్త, దత్తాంశములను పట్టికలుగా విడదీసి ఉంచి, ఉమ్మడిగానుండు ఒక విలువచే వానిని కలుపవచ్చునని నిరూపించెను. సభ్యుల పట్టికలో 214 అను సంఖ్య ఎరువు పట్టికలోను ఉండును. ఆ సంఖ్యయే తాళపుచెవి. కార్డును టిక్కెట్టులో దూర్చుట ఇచట సంఖ్యల కలయికగా మారినది. 2000లో న్యూజిలాండునందు కోహా అను ఉచిత గ్రంథాలయ సాధనము పనిలోనికి వచ్చినది. మన దేశమున ఇ-గ్రంథాలయ అను సాధనమును జాతీయ సమాచార కేంద్రము రూపొందించినది.

ఇవియన్నియు నేర్పరులు నిలుపవలసినవి. తరువాతి దశకమున వచ్చిన మార్పు వేరు. 2011లో జేపియర్, 2012లో ప్రాగ్ నగరమున ఇంటెగ్రోమాట్ అను సేవలకు పునాది పడినది. రెండవది 2022 నుండి మేక్ అనబడుచున్నది. ప్రోగ్రాము వ్రాయకయే ఒక చోటి మార్పును మరియొక చోటికి చేరవేయుట వీని పని. ఒక ప్రేరకము, దాని వెంట ఒక చర్య. క్రొత్తవాడొకడు ఫోనులో సభ్యత్వపు దరఖాస్తు నింపెను, అది ప్రేరకము. అతని పేరు పట్టికలో ఒక వరుసగా ఎక్కెను, వెబ్‌సైటున అతనికి ప్రవేశము కలిగెను, స్వాగతలేఖ వెళ్లెను, ఇవి చర్యలు. 2016లో యూపీఐ వచ్చిన పిమ్మట చందాయు ఫోనుమీదనే చేరుచున్నది. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేటల యందు శిక్షణకై వచ్చి అద్దెగదులలో ఉండు విద్యార్థుల చిరునామా ఏటేట మారును. చిరునామా మారినపుడు సభ్యుడే దిద్దుకొనగలుగుట గ్రంథపాలకునకు చిన్న మేలు కాదు. ధరావతు తిరిగి ఇచ్చుటకు మనిషి దొరకవలెను గదా!

అయినను తాళపుచెవి సరిగా లేనిచో ఈ యంత్రమంతయు తలక్రిందులగును. మన పేర్లు దీనికి మొదటి పరీక్ష. లక్ష్మి అను పేరును ఆంగ్లాక్షరములలో ఒకరు ఒక విధముగా, ఇంకొకరు వేరొక విధముగా వ్రాసెదరు. ఇంటిపేరు ముందు వ్రాయు మన ఆచారము, పేరు ముందు అడుగు దరఖాస్తులో తారుమారగును. తెలుగులోనే వ్రాయుదమన్నను చిక్కు కలదు. యూనికోడు వ్యాపింపక పూర్వము అను వంటి అక్షరరూపములతో టైపు చేసిన పట్టికలను మార్పిడి చేయనిదే క్రొత్త సాధనములు చదువజాలవు. ఫోను సంఖ్యను తాళపుచెవిగా పెట్టినచో తండ్రి ఫోనుతో చేరిన ఇద్దరు పిల్లలును ఒక్క సభ్యుడైపోవుదురు. కావున పాత దస్తరులోని సభ్యత్వ సంఖ్యయే ఉత్తమము. పాత గ్రంథపాలకులు ఆ సంఖ్యను ఒకరికిచ్చినది మరియొకరికి ఈయకుండుట చాదస్తము కాదు.

రెండవ చిక్కు కనికరమునకు సంబంధించినది. చందా గడువు దాటిన రాత్రి యంత్రము సభ్యుని తలుపు మూసివేయును. పరీక్షల ముందు డబ్బు అందని విద్యార్థియెవడో, ఊరికి పోయిన వృద్ధుడెవడో అది ఎరుగదు. బల్లవెనుక మనిషి "రేపు కట్టుదువులే" అని పుస్తకము ఇచ్చెడివాడు. ఆ వెసులుబాటును ఏర్పాటులోనే పెట్టవలెను: గడువు తీరగానే మూయక, గ్రంథపాలకునకు ఒక కబురు పంపి, పదిహేను దినములు ఆగునట్లు చేయవచ్చును. అందుకు ప్రోగ్రాము అక్కరలేదు. ఆ మాట తలచువాడు ఒకడు కావలెను. మరియు ఈ సేవలు కొంత పరిమితివరకే ఉచితము. ఆపై నెలనెల రుసుము చెల్లించవలెను. చిన్న గ్రంథాలయము ఆ లెక్క ముందే చూచుకొనుట మంచిది.

అన్నిటికంటె గట్టి ప్రశ్న జాడను గూర్చినది. బ్రౌను కార్డు తనంతట తానే విడిపోవును. డేటాబేసు విడిపోదు, చెరుపుమని చెప్పనంతవరకు ఇరువదియేండ్ల క్రిందటి ఎరువును కూడ దాచియుంచును. అందులో కొంత భాగము సేవలు నడుపు పరదేశపు యంత్రములలోను నిలుచును. 2017 ఆగష్టు 24న సుప్రీముకోర్టు వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించెను. 2023లో వ్యక్తిగత డిజిటల్ దత్తాంశ రక్షణ శాసనము వచ్చెను. గ్రంథము తిరిగి వచ్చి, జరిమానా ఏమియు లేదని తేలినంతనే ఆ వరుసలోని సభ్యత్వ సంఖ్యను తుడిచివేసి, గ్రంథసంఖ్యను తేదీని మాత్రము మిగుల్చునట్టి చర్యను కూడ అదే గొలుసులో చేర్చవచ్చును. అపుడు ఏ గ్రంథము ఎన్నిమారులు బయటికి పోయెనో కమిటీకి తెలియును. ఎవరి యింటికి పోయెనో తెలియదు.