సర్వర్ రాకముందే జరిగే పని

చిల్లర వర్తక సంస్థలు డేటా వేర్‌హౌస్‌లు (అమ్మకాల లెక్కలన్నీ ఒకేచోట దాచే వ్యవస్థలు) కట్టుకున్న కథను సాధారణంగా యంత్రాల కథగా చెబుతారు. 1979లో కాలిఫోర్నియాలో టెరాడేటా పుట్టింది. ఎన్నో ప్రాసెసర్లు ఒకే ప్రశ్న మీద ఒకేసారి పనిచేసే డేటాబేస్ యంత్రాన్ని 1980ల నడిమికల్లా మార్కెట్లోకి తెచ్చింది. 1992లో వాల్‌మార్ట్ కోసం ఒక టెరాబైట్ దాటిన వ్యవస్థను నిలబెట్టింది. తర్వాత డిస్కులు చవకయ్యాయి, మిగతా వర్తకులూ అదే బాట పట్టారు. ఇందులో ఏ మాటా అబద్ధం కాదు. కానీ ఈ వరసలో పడి అసలు పని కనిపించకుండా పోతోంది. సర్వర్ రాకముందే ఏది ఒక సరుకు, ఏది ఒక వారం, ఏది ఒక అమ్మకం అన్నవి తేలాలి. అవి తేలడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. ఆ తగవులు, రాజీలు, ఒప్పందాలే ఈ వ్యవస్థలు కట్టే వృత్తి చరిత్ర అనీ, డేటాబేస్ ఇన్‌స్టాల్ అయిన రోజు అందులో చివరి ఘట్టం మాత్రమేననీ నా వాదన.

కొంచెం వెనక్కి వెళ్తే ఇది స్పష్టమవుతుంది. 1879లో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ పట్టణంలో మద్యం దుకాణం నడిపే జేమ్స్ రిట్టీ నగదు రిజిస్టరును తయారుచేశాడు. పనివాళ్లు గల్లాలోంచి డబ్బు కాజేయకుండా చూడడమే దాని ఉద్దేశం. ఎంత డబ్బు వచ్చిందో అది చెప్పేది, ఏ సరుకు అమ్మితే వచ్చిందో చెప్పేది కాదు. దాదాపు వందేళ్లపాటు అమెరికా దుకాణాలు ఈ సగం లెక్కతోనే గడిపాయి. మిగతా సగం కోసం ఆర్థర్ నీల్సన్ సంస్థ 1930లలో మరో దారి పట్టింది. ఎంపిక చేసిన మందుల షాపులకు, కిరాణా షాపులకు మనుషులను పంపి, ముందున్న నిల్వకు కొన్న సరుకు కలిపి, మిగిలిన నిల్వ తీసేసి, అమ్ముడైనదెంతో తేల్చేది. ఈ లెక్క సాగాలంటే ఏ డబ్బా ఏ పద్దు కిందికి వస్తుందో ముందే నిర్ణయమై ఉండాలి. మన లెక్కల పుస్తకాల తీరూ ఇదే. మన వర్తకుల చిట్టాలో రోజువారీ బేరాలు జరిగిన వరసలోనే పడతాయి. ఆవర్జాలో అవే పద్దులు ఖాతాలవారీగా సర్దుకుంటాయి. ఖాతా తెరిచి లేకపోతే చిట్టాలోని పద్దును ఎక్కించడానికి చోటుండదు. దుకాణంలో బిల్లులు కొట్టే డేటాబేస్‌కూ వెనక ఉండే డేటా వేర్‌హౌస్‌కూ ఉన్న సంబంధం సరిగ్గా ఇదే. నీల్సన్ మనుషులు కాగితం మీద చేసింది ఆవర్జా పనే.

ఖాతాలు తెరవడం ఎంత కష్టమో బార్‌కోడ్ చరిత్ర చూపిస్తుంది. గీతల గుర్తుతో సరుకును పోల్చుకునే ఆలోచన కొత్తదేమీ కాదు. జోసెఫ్ వుడ్‌లాండ్, బెర్నార్డ్ సిల్వర్ 1949లోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టారు, 1952లో అది చేతికొచ్చింది. అయినా రెండు దశాబ్దాలకు పైగా ఏ కిరాణా షాపు కౌంటర్ మీదా అది నిలదొక్కుకోలేదు. చవకైన లేజర్లు, చిన్న కంప్యూటర్లు అప్పటికి లేకపోవడం ఒక కారణం. ఇంకో కారణం, నా దృష్టిలో అంతకన్నా బరువైనది, సరుకుకు ఏ అంకె ఇవ్వాలో ఎవరికీ పొత్తు కుదరకపోవడం. 1960ల చివర తయారీదారులు, సూపర్‌మార్కెట్ల వాళ్లు ఒకచోట కూర్చున్నప్పుడు ఆ సమావేశం ఏమీ తేలకుండానే ముగిసింది. తయారీదారులు తాము అప్పటికే వాడుతున్న సంఖ్యలు ఇమిడేలా పదకొండు అంకెలు కావాలన్నారు. ఖర్చు తగ్గాలంటే ఏడు చాలని దుకాణదారులు పట్టుబట్టారు. 1970లో హైన్జ్ కంపెనీ అధిపతి బర్ట్ గూకిన్ అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. తయారీదారుకు ఐదు, సరుకుకు ఐదు, మొత్తం పది అంకెలన్న రాజీ దాని చేతుల్లోనే కుదిరింది. గుర్తు ఏ ఆకారంలో ఉండాలన్న ఎంపిక ఆ తర్వాతి మాట. ఆర్‌సీఏ గుండ్రటి గుర్తును, ఐబీఎం నిలువు గీతలను ముందుకు తెచ్చాయి. ఐబీఎంలో జార్జ్ లారర్ రూపొందించిన గీతల గుర్తును 1973 ఏప్రిల్ 3న ఖాయం చేశారు. 1974 జూన్ 26న డేటన్‌కు దగ్గరలోని ట్రాయ్ పట్టణంలో, మార్ష్ సూపర్‌మార్కెట్లో, ఒక రిగ్లీస్ చూయింగ్ గమ్ ప్యాకెట్ తొలిసారి స్కానర్ మీదుగా వెళ్లింది. ముందు అంకె, తర్వాత గుర్తు, ఆ తర్వాతే యంత్రం. ఈ క్రమాన్ని మరిచిపోయి చెప్పే చరిత్ర తలకిందుల చరిత్ర.

సరుకు సంగతి తేలినా కాలం సంగతి మిగిలే ఉంటుంది. నిరుటి ఏప్రిల్‌తో ఈ ఏప్రిల్‌ను పోల్చాలంటే మామూలు క్యాలెండర్ మోసం చేస్తుంది. ఒక ఏడు ఆ నెలలో ఐదు శనివారాలు పడితే మరో ఏడు నాలుగే పడతాయి, వర్తకానికేమో శనాదివారాలే ప్రాణం. అందుకే అమెరికా వర్తకులు 1930ల నుంచి నాలుగు వారాలు, ఐదు వారాలు, నాలుగు వారాలు అనే లెక్కలో నెలలను విడగొట్టి వేరే క్యాలెండర్ పెట్టుకున్నారు. అలా లెక్కేస్తే ఏడాదికి 364 రోజులే వస్తాయి కాబట్టి ఐదారేళ్లకోసారి యాభైమూడో వారం కలపాల్సివస్తుంది. 2012, 2017, 2023 అలాంటి సంవత్సరాలే. ఆ అదనపు వారాన్ని మరుసటి ఏడు దేనితో పోల్చాలన్నది ప్రోగ్రామరు తేల్చే విషయం కాదు. అది సంస్థ పెద్దలు ముందే కూర్చుని తేల్చుకోవలసినది. రిటైల్ డేటాబేస్ నిలబెట్టేముందు అడిగే ప్రశ్నలన్నీ ఈ జాతివే. ఏ క్యాలెండర్? అమ్మకం విలువ పన్నుతో కలిపా, పన్ను తీసేసా? ఏ అక్షర సమితి, అంటే ఏయే భాషల పేర్లు అందులో ఇమడాలి? టేబుళ్లను రోజులవారీగా విడగొట్టాలా, వారాలవారీగానా? పైకి ఇవి సాంకేతిక వివరాల్లా కనిపిస్తాయి. ఒకసారి జవాబిచ్చి కోట్ల వరసలు నింపేశాక వెనక్కి తిప్పడం మాత్రం చాలా కష్టం.

ముందు తీసుకున్న నిర్ణయం ఎన్నో ఏళ్ల తర్వాత ఎలా పలుకుతుందో 2004లో కనిపించింది. ఫ్రాన్సిస్ తుపాను ఫ్లోరిడా వైపు వస్తుండగా, కొద్ది వారాల క్రితమే వచ్చిపోయిన చార్లీ తుపాను ముందు తమ దుకాణాల్లో ఏవేవి అమ్ముడుపోయాయో వాల్‌మార్ట్ వెతికి చూసింది. స్ట్రాబెరీ పాప్‌టార్ట్‌ల అమ్మకం మామూలుకన్నా ఏడు రెట్లు పెరిగిందనీ, అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైనది బీరనీ తేలింది. అప్పటికి ఆ సంస్థ దగ్గర 460 టెరాబైట్ల సమాచారం ఉందని న్యూయార్క్ టైమ్స్ రాసింది. అందరూ ఆ 460ని గుర్తుపెట్టుకున్నారు. నాకు ముఖ్యమనిపించేది వేరు. ఈ ప్రశ్నకు జవాబు రావాలంటే అమ్మకం లెక్క నెలకో జిల్లాకో మొత్తంగా కాక, సరుకువారీగా, దుకాణంవారీగా, రోజువారీగా ఉండి తీరాలి. ఫ్లోరిడాలోని అన్ని దుకాణాల్లోనూ ఒకే పాప్‌టార్ట్ రకానికి ఒకే అంకె ఉండాలి. లెక్కను ఎంత సన్నగా నిలవచేయాలో తుపాను ఊహకైనా రాకముందే ఎవరో నిర్ణయించారు. ఈ రంగంలో నిపుణుడైన రాల్ఫ్ కింబాల్ 1996లో వచ్చిన తన పుస్తకంలో డిజైన్ మొదట్లోనే తేల్చాల్సినవాటిలో దీన్ని చేర్చింది ఇందుకే. తర్వాత కలపాలంటే ఎప్పుడైనా కలపవచ్చు, మొదటే కలిపేసినదాన్ని విడదీయలేం. డైపర్లు, బీరు కలిసి అమ్ముడుపోతాయనే పేరుమోసిన కథనూ ఈ వెలుగులోనే చూడాలి. 1992లో ఆస్కో మందుల దుకాణాల్లో పాతికచోట్ల జరిగిన సుమారు 12 లక్షల కొనుగోళ్లను టెరాడేటా వాళ్లు పరిశీలించారు. ఒకే బిల్లులో ఏవేవి కలిసి పడ్డాయో దాచి ఉంచకపోతే ఆ ప్రశ్న అడగడమే కుదరదు. ఆ ఫలితాన్ని బట్టి దుకాణంలో అరలు మార్చారన్న భాగం మాత్రం తర్వాత అల్లిన కథ.

యంత్రం లేనిదే ఈ ఒప్పందాలన్నీ కాగితం మీదే ఉండేవి కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. వందల దుకాణాల రోజువారీ అమ్మకాలను ఒకేచోట చదవగల శక్తి 1970లలో ఎవరికీ అందుబాటులో లేదు. కానీ యంత్రమే నిర్ణాయకమైతే దాన్ని కొనుక్కున్నవాళ్లందరికీ ఒకే ఫలం దక్కాలి. కేమార్ట్ కూడా స్కానర్లు, ఉపగ్రహ సంబంధాలు, పెద్ద కంప్యూటర్లు పెట్టుకున్న సంస్థే. అది 2002 జనవరిలో దివాలా రక్షణ కోరింది. ఆ పతనానికి కారణాలు చాలా ఉన్నాయి, డేటా ఒక్కదాని మీద నేరం మోపను. యంత్రం ఉన్నంతమాత్రాన గెలుపు రాదని చెప్పడానికి మాత్రం ఆ ఉదాహరణ చాలు. వాల్‌మార్ట్ 1991లో రిటైల్ లింక్ పేరుతో తన అమ్మకాల లెక్కలను సరఫరాదారుల ముందు పెట్టింది. ఒకే అంకెను రెండు సంస్థలు చదవాలంటే ఆ అంకె అర్థం ఇద్దరికీ ఒకటే కావాలి. ఇది సాంకేతిక విజయం కన్నా ముందు వ్యవహార విజయం. పండితుల తగవు కూడా ఇదే చెబుతుంది. 1992లో బిల్ ఇన్మన్ సంస్థ మొత్తానికి ఒకే డేటా గిడ్డంగి ముందుగా కట్టాలన్నాడు. కింబాల్ ఒక్కో వ్యాపార పనికి ఒక్కో భాగం కట్టుకుంటూ పోదామన్నాడు. దారిలో తేడా ఉంది గానీ, సరుకు, దుకాణం, తేదీ అన్న మాటలకు అందరిదీ ఒకే అర్థం కావాలన్నచోట ఇద్దరూ ఒకటే.

రెండో ఆక్షేపణ ఈ కాలానిది. ఇప్పుడు అంతా డేటా లేక్‌లో (ముడి సమాచారాన్ని ఉన్నదున్నట్టు దాచే నిలవలో) పోసి ఉంచితే చాలు, అర్థం తర్వాత చూసుకోవచ్చు, ముందే పేర్లు కుదుర్చుకోనక్కర్లేదు అంటున్నారు. నిలవ చవకైనందువల్ల ఈ మాటకు బలం వచ్చింది, విసర్జించవలసిన మాటేమీ కాదు. అయితే దీనివల్ల ఒప్పందం తప్పిపోదు, వాయిదా పడుతుందంతే. ఒక బిస్కెట్ ప్యాకెట్‌ను ఈ ఏడు చిరుతిళ్ల విభాగంలోంచి పిల్లల విభాగానికి మార్చారనుకోండి. పాత అమ్మకాలు పాత విభాగంలోనే ఉండాలా, కొత్తదానికి తరలిపోవాలా? రెండూ సబబే, రెండింటికీ వేర్వేరు జవాబులొస్తాయి. ముందు తేల్చకపోతే పదిమంది విశ్లేషకులు పదిరకాలుగా తేలుస్తారు, ఆ తేడా సమావేశంలో బయటపడుతుంది. ఇంకో అభ్యంతరం ఉంది, దాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఒప్పందం అంటున్నా ఇది అందరూ సమానంగా కూర్చుని చేసుకున్నది కాదు. బార్‌కోడ్ కమిటీలో కూర్చున్నవి పెద్ద కంపెనీలు. ప్రతి డబ్బా మీదా ధర చీటీ తీసేస్తారన్న భయంతో 1970లలో వినియోగదారుల సంఘాలు, కార్మిక సంఘాలు ఎదురుతిరిగితే మిషిగన్ లాంటి రాష్ట్రాలు ధర అతికించాలని చట్టాలే చేశాయి. అంకె ఎవరు ఇస్తారన్నదాంట్లో అధికారం ఉంది. ఈ చరిత్రను యంత్రాల మీద కాక ఒప్పందాల మీద చెప్పాలనడానికి నాకు ఇదీ ఒక కారణం.

మన దేశంలో ఈ అంకెలిచ్చే సంస్థ, ఇప్పుడు జీఎస్1 ఇండియా అంటున్నది, 1996లో ఏర్పడింది. దాని దగ్గర నమోదైన కంపెనీల సరుకుల అంకె 890తో మొదలవుతుంది. కానీ విజయవాడలోనో వరంగల్‌లోనో సూపర్‌మార్కెట్లో విడిగా తూచి ఇచ్చే చింతపండుకు, కందిపప్పుకు ఆ అంకె ఉండదు. దుకాణమే తన సొంత కోడ్ తగిలించుకుంటుంది, పక్క దుకాణంలో అదే కోడ్ ఇంకేదో అవుతుంది. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ లెక్కల్లోనూ వాడుతున్న హెచ్ఎస్ఎన్ కోడ్ పన్ను తరగతిని చెబుతుందే తప్ప సరుకును గుర్తించదు. మన చిల్లర వర్తకంలో తేలాల్సినది ఇంకా చాలా ఉందన్నమాట. హైదరాబాద్‌లో, అమెరికాలో ఇలాంటి వ్యవస్థలు నిలబెట్టిన తెలుగు ఇంజినీర్లు చాలామంది ఉన్నారు. ఏ కోడ్‌ను దేనితో కలిపారో, ఏ నిర్వచనం మీద ఎవరు పట్టుబట్టారో, చివరికి ఏది ఎందుకు నెగ్గిందో వాళ్లకు తెలుసు. ఆ మాటలు పాత ఈమెయిళ్లతో పాటే మాసిపోతున్నాయి. డేటాబేస్ పక్కనే వాటిని కూడా రాసి ఉంచమని వాళ్లను కోరుతున్నాను.