గొంగడి మన్నిక: సంరక్షణ విధానాల చారిత్రక పరిశీలన

ప్రవేశిక

తెలంగాణ పల్లె జీవనంలో గొంగడి కేవలం కప్పుకొనే వస్త్రం కాదు. చలికి దుప్పటి, వానకు గొడుగు, మంద దగ్గర పడక, పంచాయితీలో ఆసనం, దేవుని కొలుపులో పీట. ఇన్ని పనులు చేసే వస్త్రం ఎక్కువ కాలం మన్నాలి. పూర్వపు వరంగల్లు జిల్లాలో జనగామ మెట్ట భూముల నుంచి, 2016లో మహబూబాబాద్ జిల్లాలో మండలంగా ఏర్పడిన గంగారం అటవీ ప్రాంతం వరకు మంద వెంట నడిచే మనిషికి ఎండ, ముసురు, చలి మూడూ తప్పనివే. ఆ మూడింటికీ అతని సమాధానం ఒకే గొంగడి. కాబట్టి దానిని కాపాడుకోవడం అలంకార విషయం కాదు, జీవనావసరం.

గొంగడి అధ్యయనాల్లో నేతపై నిలిచినంత దృష్టి సంరక్షణపై నిలవలేదు. గొంగడి మన్నిక ఉన్ని గుణం వల్ల మాత్రమే వచ్చింది కాదనీ, పెంపకం, వడకడం, నేత, వాడకం అనే నాలుగు దశల్లోని జాగ్రత్తలు కలిసి దానిని సాధించాయనీ, అందుచేత మొదటి దశ తెగితే మిగిలిన జ్ఞానం కూడా నిలవదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

తయారీలోనే ఉన్న సంరక్షణ

గొంగడికి మూలం దక్కని గొర్రె. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర పీఠభూమికి అలవాటుపడిన ఈ జాతి ఉన్ని ముతకది, ఎక్కువగా నల్లనిది. కురుమలు ఏడాదికి రెండు మార్లు ఉన్ని కత్తిరిస్తారు. గొర్రెపిల్ల తొలి కత్తిరింపు ఉన్ని మెత్తనిది, నిగనిగలాడే నలుపు గలది కనుక దానికి విలువ ఎక్కువ. ఉన్నిని ఏకి, వడికే పని ప్రధానంగా స్త్రీలది. వడికిన దారాన్ని గుంట మగ్గంపై నేస్తారు.

ఇక్కడ ప్రత్యేకంగా గమనించవలసినది చింతగింజల గంజి. గింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, నూరి, ఉడికించిన జిగురును పడుగుకు కుంచెతో పట్టిస్తారు. మగ్గంపై రాపిడికి దారం తెగకుండా కాపాడటం దీని తక్షణ ప్రయోజనం. ఆ జిగురే గొంగడికి బిరుసును ఇస్తుంది. పోగుల సందులను కొంత మూసి, వాన నీరు వెంటనే లోపలికి దిగకుండా అడ్డుకుంటుంది. ఉన్ని స్వభావం కూడా దీనికి తోడవుతుంది. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం వరకు తేమను పీల్చుకున్నా ఒంటికి తడి తెలియనివ్వదు. గొర్రె చర్మం నుంచి వచ్చే సహజమైన కొవ్వు కొంత పోగులో మిగిలి ఉంటే నీరు జారిపోతుంది. గొంగడి మూలను మడిచి ముసుగుగా వేసుకున్న కాపరి ముసురులో గంటల కొద్దీ నిలబడగలగడానికి కారణాలు ఇవే.

గంజి, కొవ్వు రెండూ ఉతుకుతో పోయేవే. కాబట్టి గొంగడిని తరచుగా ఉతకకపోవడాన్ని అశుభ్రతగా భావించడం పొరపాటు. అది వస్త్ర స్వభావాన్ని ఎరిగిన నియమం.

ఉతుకు, ఎండ, మరమ్మతు

తెలుగు నేలపై నూలు బట్టల ఉతుకు పద్ధతి ప్రసిద్ధమే. చౌడు మట్టి నీటిలో నానబెట్టి, బానలో ఉడికించి, బండపై బాదేవారు. నూలుకు మేలు చేసే ఈ మూడు పనులూ ఉన్నికి కీడు చేస్తాయి. ఉన్ని పోగు ఉపరితలంపై చేప పొలుసుల వంటి పొరలుంటాయి. వేడి, క్షారం, రాపిడి కలిసినప్పుడు అవి ఒకదానిలో ఒకటి చిక్కుకొని వస్త్రం ముడుచుకుపోతుంది, గట్టిపడుతుంది. తీవ్రమైన క్షారం పోగునే కొరుకుతుంది. అందువల్ల ఉతకక తప్పని వేళ చల్లని నీరు, కుంకుడు రసం వంటి మృదువైన నురుగు, పిండకుండా నీరు వార్చడం ఉన్నికి తగిన మార్గం. నీరు పీల్చిన గొంగడి బాగా బరువెక్కుతుంది. దండెంపై వేలాడదీస్తే ఆ బరువుకు సాగి రూపు చెడుతుంది. మంచంపై గానీ శుభ్రమైన నేలపై గానీ పరిచి ఆరనిస్తే కొలత నిలుస్తుంది. ఉతుకులో పోయిన బిరుసు తిరిగి రావాలంటే మళ్లీ గంజి పట్టించాలి. పూర్తిగా ఆరకముందే మడిచిపెడితే బూజు పడుతుంది.

గొంగడికి వాన కంటే పెద్ద శత్రువు చిమ్మెట. హాని చేసేది ఎగిరే పురుగు కాదు, అది పెట్టే గుడ్ల నుంచి వచ్చే లార్వా. ఉన్నిలోని కెరటిన్ దాని ఆహారం. చీకటి, కదలిక లేని చోటు దానికి అనువైన నివాసం. అందుకే గొంగడిని అప్పుడప్పుడు ఎండలో పరిచి, దులిపి, మడత మార్చి పెట్టడం అవసరమవుతుంది. మడతల్లో వేపాకు ఉంచే అలవాటు దీనికి తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు. రోజూ భుజం మీద తిరిగే గొంగడికి పురుగు భయం తక్కువ, పెట్టెలో భద్రపరిచిన గొంగడికి ఎక్కువ.

మరమ్మతు విషయంలోనూ తయారీ విధానం తోడ్పడుతుంది. రంగు వేయని సహజమైన ఉన్ని కనుక అదే మంద నుంచి వడికిన దారంతో చిరుగు కుడితే అతుకు కలిసిపోతుంది. ఇలాంటి ముందుచూపు ఇతర ఉన్ని సంస్కృతుల్లోనూ కనిపిస్తుంది. గర్న్‌సీ దీవి పేరుతో ప్రసిద్ధమైన జాలరుల స్వెటర్లలో చేతులను భుజం నుంచి కిందికి అల్లుతారు. అరిగిన అంచును మాత్రమే విప్పి తిరిగి అల్లడానికి అది వీలు కల్పిస్తుంది. రెండు చోట్లా మరమ్మతు తరువాత తట్టిన ఆలోచన కాదు, తయారీలో భాగం.

భాషలో, ఆచారంలో గొంగడి

సంరక్షణ జ్ఞానం గ్రంథస్థం కాకపోయినా భాషలో దాని జాడలున్నాయి. ‘గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు’ అన్న సామెత ఉన్ని రాలడాన్ని దోషంగా కాక వస్త్ర ధర్మంగా అంగీకరిస్తుంది. గొంగడి పరుచుకొని భోజనం చేసిన జీవనానికి కూడా అది సాక్ష్యం. ‘వేసిన గొంగడి వేసిన చోటే’ అన్న మాట పని సాగకపోవడాన్ని సూచిస్తుంది. కదలని గొంగడి చెడుతుందన్న అనుభవంతో ఈ అర్థం చక్కగా పొసగుతుంది. నూగుతో నిండిన పురుగుకు ‘గొంగళిపురుగు’ అన్న పేరు రావడం ఈ వస్త్రం ఎంత పరిచితమో తెలుపుతుంది.

ఆచారంలోనూ ఉన్నికి నూలుకు భేదం ఉంది. కురుమల్లో ఉన్ని కంకణం, పత్తి కంకణం అన్న శాఖాభేదం పెళ్లిలో కట్టే కంకణాన్ని బట్టి ఏర్పడింది. మరోవైపు బ్రాహ్మణ గృహాల్లో ఉన్ని ధావళి మడిబట్టగా చెల్లింది. నూలు బట్టకు మడి కావాలంటే ప్రతిసారీ తడిపి ఆరవేయాలి, ధావళికి ఆ అవసరం లేదు. సామాజికంగా ఎంతో దూరంగా ఉన్న రెండు వర్గాలు ‘ఉన్నికి నిత్యం ఉతుకు అక్కరలేదు’ అన్న ఒకే అవగాహనను పాటించడం గమనార్హం. కురుమల కులదైవమైన బీరప్ప కథను గానం చేసే ఒగ్గు కళకు జనగామ ప్రాంతం పెట్టింది పేరు. మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య ఆ కళను దేశమంతటికీ వినిపించారు. మంద, ఉన్ని, దైవం అక్కడ ఒకే కథనంలో భాగాలు.

తెగుతున్న గొలుసు

మాంసానికి గిరాకీ పెరిగిన కొద్దీ ఉన్ని లేని, త్వరగా బరువు పెరిగే నెల్లూరు రకాల వైపు పెంపకం మళ్లింది. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన గొర్రెల పంపిణీ పథకం 75 శాతం రాయితీతో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలను, ఒక పొట్టేలును అందించింది. గొల్లకురుమల ఆదాయం దాని లక్ష్యం. ఉన్ని ఆ లెక్కలో లేదు. ఉన్నికి ధర లేనప్పుడు కత్తిరింపు కూలి కాపరికి భారమవుతుంది. వడికే చేతులకు పని ఉండదు, మగ్గం ఆగుతుంది, పాత గొంగడి చిరుగుకు సరిపోయే దారం దొరకదు. మిల్లు దుప్పటి చవకగా వస్తుంది. అది చిరిగితే కుట్టించుకోవడం కంటే కొత్తది కొనడమే సులువవుతుంది.

ఇదే కాలంలో గొంగడి ప్రతీకగా మాత్రం బలపడింది. గద్దర్ భుజం మీది గొంగడి తెలంగాణ శ్రమజీవికి చిహ్నమై రాష్ట్రమంతటా గుర్తింపు పొందింది. సన్మాన సభల్లో శాలువాకు బదులు గొంగడి కప్పడం ఆత్మగౌరవ ప్రకటన అయింది. కానీ సభలో కప్పించుకున్న గొంగడి తరువాత బీరువాలో చేరుతుంది. చిమ్మెటకు అంతకంటే అనువైన చోటు లేదు.

ముగింపు

గొంగడి సంరక్షణ పద్ధతులు వేర్వేరు చిట్కాలు కావు. గంజి చింతచెట్టును, మరమ్మతు దారం మందను, దులపడం నిత్య వాడకాన్ని ఆశ్రయించి ఉన్నాయి. ఈ మూడింటిలో ఉన్నిచ్చే మందే మొదటిది. ప్రతీకను గౌరవిస్తూ మందను విస్మరిస్తే, సామెతలు మిగిలి వాటి వెనుక ఉన్న అనుభవం మాయమవుతుంది. అప్పుడు ‘గొంగట్లో వెంట్రుకలు’ ఏమిటో పాఠకునికి అడుగు వివరణలో చెప్పవలసి వస్తుంది. దక్కని ఉన్నికి గిట్టుబాటు ధర, వడికే స్త్రీల నైపుణ్యానికి తగిన కూలి, వారి పనిముట్ల పేర్ల, పని మాటల సేకరణ ఏకకాలంలో జరగడం అందుకే అవసరం. చివరిది తెలుగు పరిశోధన చేయగల పని. ఆ మాటలు పలికే వృద్ధులు ఉన్నప్పుడే అది సాధ్యం.