పురి, గాదె, అటక: ఇంటి ధాన్యాగారముల చరిత్ర

గోదావరి తూర్పు డెల్టాలోని మండపేట పేరు చెప్పగానే బియ్యపు మిల్లులు స్ఫురించును. మిల్లులు, గిడ్డంగులు రాకపూర్వము ఈ సీమలో ధాన్యము ఎక్కడ నిలువయుండెడిది? చాలవరకు రైతు ఇంటనే. ఇంటిల్లిపాదికి ఏడాది తిండి, పాలేళ్లకు ఇచ్చు గింజలు, మరుసటి ఏటికి విత్తనము, ఈ మూడింటిని ఇంటనే కాపాడుకొనవలసియుండెను. నిలువ చెడినచో అప్పో, పస్తులో తప్పెడివి కావు. 1832-33లో వచ్చిన నందన కరవు గుంటూరు సీమను పీడించినది. ఆనాటి జ్ఞాపకము తాజాగా ఉన్నంతకాలము గాదెలో గింజ యనగా ప్రాణముతో సమానము. 1847లో మొదలైన ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైనది. కాలువల క్రింద వరి విస్తరించిన కొలదియు నిలువ చేయవలసిన ధాన్యమును పెరిగినది.

ధాన్యమును దాచు పద్ధతి నేలను బట్టి మారును. మెట్ట సీమలలో జొన్నలను పాతరలో పోసి, పైన మన్ను కప్పి మూసెడివారు. మూసిన పాతరలో గింజలును, పురుగులును శ్వాసించుటచే ఆమ్లజని తరిగి, బొగ్గుపులుసు వాయువు పెరుగును. అందుచే పురుగులు బ్రతుకజాలవు. డెల్టాలో ఈ ఉపాయము సాగదు. కొద్ది లోతు త్రవ్వగానే నీరు ఊరును. కాబట్టి ఇచ్చటివారు ధాన్యమును నేలలోనికి దింపక, నేలనుండి పైకెత్తిరి. వెదురుతో అల్లి, మట్టియు పేడయు మెత్తిన గాదెను ఎత్తుపై నిలిపిరి. అరుగు మీద పురి కట్టిరి. క్రింది చెమ్మ ఎక్కదు; పందికొక్కు బెడదయు కొంత తగ్గును.

వీటిలో పురి మిక్కిలి వింతైనది. దానికి గోడ లేదు, స్తంభము లేదు. వరిగడ్డితో పేనిన లావుపాటి తాటికి వెంటి అని పేరు. అడుగున గడ్డి పరచి, వెంటిని గుండ్రముగా చుట్టుచు, లోపల వడ్లు పోయుచు, చుట్టు మీద చుట్టు పైకి లేపుదురు. చివర గడ్డితో గొడుగువలె కప్పుదురు. రెండు మీటర్ల వ్యాసము, రెండు మీటర్ల ఎత్తు గల పురి ఘనపరిమాణము సుమారు 6.28 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు వడ్లు రమారమి 580 కిలోలు తూగునని లెక్కించినచో మొత్తము 3,600 కిలోలకు పైబడును. అనగా 75 కిలోల బస్తాలు 48! ఇంత బరువును గడ్డితాడు ఎట్లు ఆపుచున్నది?

ఈ ప్రశ్నకు సమాధానము జర్మనీ దేశమున దొరికినది. యాన్సెన్ అను ఇంజనీరు 1895లో ధాన్యపు గాదెల మీద ప్రయోగములు చేసి, గింజలు నీటివలె ప్రవర్తింపవని చూపెను. నీటిలో లోతు పెరిగిన కొలదియు పీడనము అదే నిష్పత్తిలో పెరుగును. గింజలైతే గోడను రాచుకొని, తమ బరువులో కొంత గోడకు అప్పగించును. అందుచే కొంత లోతు దాటిన తరువాత అడుగున పీడనము అంతగా పెరుగదు. కాని గోడ ఆ భారమును మోయవలెను, ప్రక్కలకు నెట్టు బలమునకు తట్టుకొనవలెను. గుండ్రని గోడలో ఈ నెట్టుడు తాటిని సాగదీయు బలముగా మారును; గడ్డితాడు లాగుడుకు బాగుగా ఆగును. వ్యాసము రెట్టింపైనచో, పీడనము అంతే యున్నను, తాటి మీది లాగుడు రెట్టింపగును. వెడల్పు పెంచినవాడు వెంటిని బిగువుగా చుట్టకున్న పురి పగులును. సూత్రము వ్రాయకపోయినను, మన రైతు చేతికి ఈ లెక్క తెలియును.

బరువు తరువాతి శత్రువు తేమ. వడ్లలో తేమ నూటికి 14 పాళ్లు మించినచో బూజు పట్టుటకును, గింజ వేడెక్కుటకును అవకాశము హెచ్చు. తుపానుల కాలమందు కోతకు వచ్చు సార్వా పంటకు ఈ భయము ఎక్కువ. నూటికి 20 పాళ్లు తేమగల 1,000 కిలోల వడ్లలో పొడి పదార్థము 800 కిలోలు. తేమ 14 పాళ్లకు దిగవలెనన్న మొత్తము 930 కిలోలకు రావలెను. అనగా 70 కిలోల నీటిని ఎండకు అప్పగింపవలెను! బియ్యముగా గాక వడ్లుగా దాచి, కావలసినప్పుడెల్ల దంచుకొనుటలోను అర్థమున్నది. పగలని పొట్టు ముక్కపురుగును చాలవరకు అడ్డగించును.

ఇంటి లోపల అటకకును ఇట్టి శాస్త్రమే ఆధారము. కుండలు, జాడీలు, పప్పుల మూటలు దాని మీదనే. గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథములో దూలముల బలమును చర్చించెను. దూలపు వెడల్పు రెట్టింపైనచో బలము రెండింతలు, ఎత్తు రెట్టింపైనచో నాలుగింతలు అగును. ఒకే చెక్కను బల్లపరుపుగా గాక అంచు మీద నిలిపి వేసినచో ఎక్కువ బరువు మోయునని దీని అర్థము. ఆధారముల మధ్య దూరము పెరిగిన కొలదియు వంగుట మిక్కిలి వేగముగా పెరుగును.

1956లో గిడ్డంగుల చట్టము, 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1958లో హాపూరులో ధాన్యపు నిలువ పరిశోధన కేంద్రము, 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడినవి. క్రమముగా వడ్లు కళ్లమునుండియే మిల్లుకు పోసాగినవి. పెరటిలో పురులు అరుదైనవి. రైతు సైతము బియ్యపు బస్తా కొనుట ఇప్పుడు వింత కాదు. అయినను ఒక్క బస్తా దాచుకొను ఇంటికిని పాత నియమములే వర్తించును. బస్తా క్రింద చెక్క వేయుడు, గోడకు ఎడముగా ఉంచుడు, బరువైనవానిని అర క్రింది అంతస్తులో పెట్టుడు, బల్లల ఆధారములను దగ్గరగా అమర్చుడు.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక ప్రయోగము చేయింపవచ్చును. రెండు వైపుల తెరచియున్న అట్టగొట్టమును త్రాసు పళ్లెమునకు తగిలీ తగులనట్లు నిలువుగా బిగించి, తూచిన వడ్లను అందులో పోయుడు. త్రాసు పూర్తి బరువును చూపదు. తక్కిన బరువు ఎక్కడికి పోయినదని విద్యార్థులను అడుగుడు. సమాధానము దొరికిననాడు వారికి తమ తాతలు కట్టిన పురియు అర్థమగును.