కష్టం ఒక్కటే చాలదు

“యానాదులు కష్టపడరు, అందుకే పైకి రారు” అనే మాట సత్యవేడు చుట్టుపక్కల మనం వింటూనే ఉన్నాం. చరిత్ర మరోలా చెబుతోంది.

1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించింది. మన యానాదుల్లో కొందరిపై పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేశారు. 1952లో చట్టం పోయింది, ముద్ర పోలేదు. 1970 ప్రాంతంలో రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట అడవిలో బతికే యానాదులు తమ పల్లెలు వదలాల్సి వచ్చింది. ఇవి మన బద్ధకం వల్ల జరిగినవా?

మన సరిహద్దుకు అవతల, చెన్నై దగ్గర ఇరుళవాళ్లు పాములు పట్టి, తోళ్లు అమ్ముకుని బతికేవారు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత ఆ దారి మూసుకుపోయింది. 1978లో, రోములస్ విటేకర్ తోడ్పాటుతో, సహకార సంఘం పెట్టుకున్నారు. ప్రభుత్వ అనుమతితో పాము విషం తీసి విరుగుడు మందు తయారీకి అమ్మసాగారు. 2023లో వారిలో ఇద్దరికి పద్మశ్రీ వచ్చింది. నేర్పు పాతదే, అనుమతీ సంఘమూ కొత్తవి.

కాబట్టి ఉపాధ్యాయులారా, “కష్టపడు” అని చెప్పేటప్పుడు తలుపు ఎక్కడ మూసి ఉందో కూడా పిల్లలకు చూపండి. యువకులారా, బడి మానకండి, కులధ్రువపత్రం చేయించుకోండి, నలుగురూ కలిసి సంఘం కట్టండి. మూసిన తలుపు మన తప్పు కాదు. దాన్ని తట్టే పని మాత్రం మనదే.